కడపలో అడగడం మరిచినవి

మెస్సు సంగతి అడగలేదు, అయ్యో, అసలు అదే అడగలేదు, మైదుకూరు దాటాక గానీ షాహీన్‌కు ఆ మాట తట్టలేదు, బస్సు కుదుపుకు పక్కసీట్లో అమ్మ తల వచ్చి భుజమ్మీద వాలింది, అమ్మ నన్నీ బీకి బస్సెక్కితే చాలు నిద్ర, కండక్టరు టికెట్ కొట్టేలోపే గురక, పొద్దున కడపలో దిగినప్పుడు మాత్రం ఎంత హుషారు, డిగ్రీలో చేరేముందు చూడబోయిన కాలేజీ గేటు దగ్గర కొంగు సర్దుకుని, బిస్మిల్లా అని కుడికాలు పెట్టు పాపా, అని చెవిలో చెప్పింది, కొత్తకోడల్ని అత్తింట్లో దింపడానికి వచ్చినట్టు, నిన్న కర్నూల్లోనూ ఇంతే, హాస్టలు వార్డెనమ్మ రెండు చేతులూ పట్టుకుని, మా పిల్లకు వంట రాదమ్మా, కోపం శానా, మీరే కడుపులో పెట్టుకోవాల, అని వియ్యపురాలికి చెప్పినట్టు చెబుతుంటే ఆవిడ బిత్తరపోయింది, షాహీన్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అయినా అమ్మను అనేదేముంది, తమ ఇళ్ళలో తెలిసిన చూడ్డం ఒకటే, పిల్లనిచ్చే ముందు వెళ్ళి ఇల్లు చూడ్డం, కుళాయి తిప్పి దోసిట పట్టి తాగి చూడ్డం, మేడలున్నా మిద్దెలున్నా నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ సంబంధం వద్దనేసే వంశం మరి, కర్నూలు నీళ్ళు మాత్రం అమ్మకు నచ్చాయి, తియ్యగుండాయి పాపా, అంది, దాంతో సగం పెళ్ళి అయిపోయినట్టే.

కర్నూలు నిజంగానే బాగుంది, అబద్ధమెందుకు, కంప్యూటర్ సైన్సులో సీటు, తమ ఊరు బేతంచెర్లలో తిన్న టిఫిను అరిగేలోపు చేరుకునేంత దూరం, పిన్నమ్మ కూతురు ఫిరోజక్క అక్కడే చదువుతోంది, ఒక్క తలుపు వదలకుండా తీసి చూపించింది, ఏమడిగినా జవాబు నాలుక చివరే, ఆదివారం బిరియానీ, బుధవారం గుడ్డు, ఫలానా సారుతో జాగ్రత్త, ఫలానా కంపెనీ బెంగళూరు నుంచి వచ్చి ఉద్యోగాలిస్తుంది, రేపు పెళ్ళయినా ఇంట్లో కూర్చుని చేసుకునే పనే షాహీనూ, ఇంగేం కావాలే నీకు, నిజమే, ఇంకేం కావాలి, సాయంత్రానికి మూడేళ్ళ చదువూ అయిపోయి పట్టా పుచ్చుకుని బయటికి వచ్చేసినట్టే అనిపించింది, బెంగ లేదు, భయం లేదు, నాయనకు కావలసిందీ అదే కదా, కూతురు ఏ బెంగా లేని చోట ఉండటం.

నాయన అల్లా బాషా తన పెళ్ళికి ముందు నుంచీ పాలిషు ఫ్యాక్టరీలో నాపరాళ్ళు కోస్తున్నాడు, ఇంటికొచ్చి తల దులిపితే గుమ్మంలో ముగ్గుపిండి చల్లినట్టు రాతి బూడిద, రాత్రంతా దగ్గు, కడపలో జియాలజీ సీటొచ్చిందని చెప్పిన రోజు అన్నం ముందు కూర్చుని పకపకా నవ్వాడు, ఏమ్మా, రాయి చదివేదానికి కడప దాకా పోవాల్నా, నా ఎంబడి రా, దుడ్లిచ్చి నేర్పిస్తారు, అని, నవ్వు ఆగాక మెల్లగా, రాయి మింగి మిమ్మల్ని సాకినాను, నువ్వన్నా దాంట్లో నుంచి బయటపడతావనుకుంటి, అన్నాడు, మళ్ళీ ఆయనే, సరే, రెండూ చూసి రా, చూస్తే మోజు తీరుతాది, కడప చూసిన సాయంత్రం ఫోన్ చేస్తా, యాడ చేరేదీ నువ్వే చెప్పు, మర్నాడే గదా ఫీజు కట్టాల్సింది, అని, అడగాల్సినవన్నీ నూరిపోసి పంపాడు, మెస్సు ఎట్లుండాది, హాస్టలు గేటు ఎప్పుడేస్తారు, నీళ్ళు బోరువా కుళాయివా, చదివినాక ఉద్యోగం యాడ, అన్నిట్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి అడిగిందా తను.

అడుగుదామనే వెళ్ళింది, తప్పంతా కడప కాలేజీ జియాలజీ గదిలో బల్లమీది రాతిముక్కది, నాపరాయి మీద నల్లటి బుల్లి చెట్టు, కొమ్మలూ రెమ్మలూ, ఇలాంటివి చిన్నప్పుడు ఫ్యాక్టరీ వెనక గుట్టలో ఎన్ని ఏరుకుందో, నాయనా ఈ చెట్టు రాళ్ళోకి ఎట్లా పోయింది అంటే, ఎట్లా పోతే మనకేమ్మా, డిజైనుంటే రేటెక్కువ, అనేవాడు, అక్కడ కొంగు నడుముకు దోపుకుని రాళ్ళు తుడుస్తున్న మనిషిని, మేడం యాడుంటారక్కా, అని అడిగేసింది కూడా, ఆమె నవ్వి, నేనేలే మేడాన్ని, శివకుమారి, నీకేం కావాల, అంది, హాస్టలు సంగతి అనబోయిన నోరు, ఇది చెట్టా మేడం, అంది, చెట్టో కాదో నువ్వే చెప్పు, అని ఆమె భూతద్దం చేతికిచ్చింది, చూస్తే ఆకు లేదు, ఈనె లేదు, వేరు లేదు, చెట్టు కాదు మేడం, మరేంది, తెలీదు, అంటే మేడమే, రాతిపొరల సందులో నీళ్ళు దూరి, తెచ్చిన మాంగనీసు ఖనిజం అక్కడే నల్లగా వదిలిపోయిన గుర్తులే పాపా ఇవి, అని, సీసాలోంచి ఒక్క చుక్క యాసిడ్ రాతిమీద వేయించింది, రాయి సోడాలాగా బుసబుసా పొంగింది, పుట్టినప్పట్నుంచీ కాళ్ళకింద నోరు మెదపకుండా పడి ఉన్న రాయి, ఎందుకు పొంగింది, అన్ని రాళ్ళూ పొంగుతాయా, నాయన తలలోంచి రాలే బూడిద కూడా పొంగుతుందా, ఆ బూడిద లోపలికి పోతే ఊపిరితిత్తులను ఏం చేస్తుంది, నీళ్ళకు కొమ్మలు గీయడం ఎవరు నేర్పారు, తిన్నగా గీత గీయొచ్చు కదా, అని అడుగుతూ అడుగుతూ అక్కడికొచ్చేసరికి మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, దానికి సగం జవాబే నా దగ్గరుండాది, మిగతాది నాకూ తెలీదు, అంది, పాఠం చెప్పేవాళ్ళ నోట తెలీదన్న మాట షాహీన్ అదే మొదటిసారి వినడం, అమ్మ వచ్చి, బస్సు పోతాది లెయ్యే, అని రెక్కపట్టి లాగేదాకా మధ్యాహ్నం ఎటు పోయిందో, అన్నం కూడా తినలేదు.

ఆళ్ళగడ్డలో అహోబిలం వెళ్ళొచ్చినవాళ్ళు బిలబిలా ఎక్కారు, పులిహోర వాసనకు అమ్మ లేచింది, ఏం పాపా, నాకైతే కర్నూలే బాగుండాది, అంటుండగానే ఫోన్ మోగింది, నాయన, వెనకాల మిషను రొద, చూస్తివా కడప, చూసినా నాయనా, మెస్సు ఎట్లుండాది, తెలీదు, హాస్టలు, తెలీదు నాయనా, నీళ్ళు, తెలీదు, ఉద్యోగం యాడంట, అదీ తెలీదు, అమ్మ నుదురు కొట్టుకుంది, సిగ్గు వేయాలి, వేయడం లేదు, కర్నూలు గురించి తనకన్నీ తెలుసు, బుధవారం గుడ్డుతో సహా, అడగడానికి ఒక్క ముక్క మిగల్లేదు, ఏమీ మిగలని చోట మూడేళ్ళు కూర్చుని ఏం చేయాలి, నాయన నొచ్చుకుంటాడు, తెలుసు, దానికి ఏడుపొస్తోంది, ఏడుపొస్తున్నా మనసు మాత్రం ఎటూ ఊగడం లేదు, అవతల మిషను ఆగింది, ఒక దగ్గు, మళ్ళీ దగ్గు, ఏమీ అడక్కుండా పొద్దంతా ఏం చేస్తాంటివమ్మా ఆడ, అన్నాడు నాయన, అడుగుతానే ఉంటి నాయనా, అంది షాహీన్, ఇంగా అయిపోలా, నేను కడపలోనే చేర్తా.