బానెట్ మీద చెయ్యి పెట్టి

డెల్మర్ ష్రామ్ చేతికి మైకు ఇవ్వడానికి ఒక్క మనిషి చాలు గానీ తిరిగి లాక్కోవడానికి నలుగురు కావాలని క్లబ్బులో వేళాకోళం చేసేవారు. అది విని డెల్మర్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. అతని భార్య వెర్నా నవ్వేది కాదు. ఆవిడ ఎప్పుడూ అంతేలే, కొంచెం ముభావి అని అందరూ సరిపెట్టుకునేవారు.

ఏటా ఆగస్టు రెండో శనివారం పాత చిన్నకార్ల క్లబ్బు వాళ్లు సరస్సు ఒడ్డున పార్కులో చేరతారు. బారెడు పొడుగు, తోకకు రెక్కలు ఉండే కార్లవాళ్లంటే వీళ్లకు పడదు. ఇక్కడికొచ్చేవన్నీ రాంబ్లర్లు, ఫాల్కన్లు, వేలియంట్లు. ఒకప్పుడు బడిపంతుళ్లూ, ఫ్యాక్టరీ వాళ్లూ, కొత్తగా పెళ్లయినవాళ్లూ కొనుక్కున్న పొట్టికార్లు. పొయ్యి మీద సాసేజులు కాలుతుంటాయి, బీరు పారుతుంటుంది, ఎవడి ఇంజను ఎన్ని మైళ్లు తిరిగిందో వాడు కోతలు కోస్తుంటాడు. అసలు తంతు భోజనాల తర్వాత. ఒక్కొక్కరూ తమ కారు బానెట్ మీద చెయ్యి పెట్టి, ఆ కారుతో తమకున్న జ్ఞాపకం ఒకటి చెప్పాలి. చెయ్యి పెట్టాక అబద్ధమాడకూడదు. అది ఒట్టు. మిగతావాళ్లు ఎవరి కార్లలో వాళ్లు కూర్చుని వింటారు. నమ్మితే హారన్ కొడతారు, నమ్మకపోతే ఊరుకుంటారు. చప్పట్లు కొట్టే ఆచారం వాళ్లకు లేదు.

డెల్మర్ ఇరవై రెండేళ్లుగా ఒకే జ్ఞాపకం చెప్పాడు. ఇరవై రెండేళ్లూ హారన్లు మోగాయి.

"ఈ సీటు చూశారా? వెనక్కి వాలిస్తే మంచమైపోద్ది. అది మీకూ తెలుసు, మీ కుర్రతనంలో మీరేం చేశారో నాకూ తెలుసు," అంటూ మొదలుపెట్టేవాడు. ఇక్కడ అందరూ గొల్లున నవ్వాలి. "మా కర్ట్ గాడు ఈ మంచం మీదే లోపలికెళ్లాడు, ఈ మంచం మీదే బయటికొచ్చాడు! మంచు తుఫానండీ. మోకాలి లోతు మంచు. డాక్టర్ లేడు, నర్సు లేదు. నేనూ, మా ఆవిడా, ఈ రాంబ్లరూ. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఈవిడ చెయ్యి. ఆఖరికి వీణ్ణి పట్టుకున్నది ఈ చేతులే. ఆ దెబ్బతో నేను బేస్‌బాల్ క్యాచ్ వదిలింది లేదు!"

"కర్ట్ పుట్టింది ఏప్రిల్లో కదయ్యా, తుఫానెక్కడిది?" అని ఒకడు ఒకసారి అడిగాడు.

"నువ్వెక్కడివాడివి, ఫ్లోరిడానా? విస్కాన్సిన్‌లో ఏప్రిల్లో మంచు పడదా?" అన్నాడు డెల్మర్. నోరున్నవాడిదే రాజ్యం. అడిగినవాడు కూడా హారన్ కొట్టాడు.

కర్ట్ ఇప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్లవాడు. కారులో పుట్టినవాడని ఏటా అతనికి ఎవరో ఒకరు బీరు ఇప్పించేవారు. పాపం, అతనికి చెప్పుకోదగ్గ గొప్ప అదొక్కటే.

నిజానికి కర్ట్ ఆసుపత్రిలోనే పుట్టాడు. బయట ఎండ కాస్తోంది, కిటికీలో తులిప్ పూలు కూడా ఉన్నాయి. కారులో పుట్టింది కర్ట్ కాదు. అంతకు రెండేళ్ల ముందు, అరవై ఏడు జనవరిలో పుట్టింది ఒక ఆడపిల్ల. ఆ రోజు నొప్పులు మొదలవగానే వెర్నా బారుకు ఫోన్ చేసింది. డెల్మర్ అక్కడ షీప్స్‌హెడ్ అనే పేకాటలో కూర్చున్నాడు. వెనక నుంచి పేకముక్కలు బల్ల మీద కొడుతున్న చప్పుడూ, "లేనని చెప్పరా" అని మొగుడి గొంతూ ఆమెకు ఫోన్లోనే వినిపించాయి. లేడమ్మా, ఇందాకే వెళ్లాడు అన్నాడు బారువాడు. వెర్నా పొరుగింటి నుంచి తెచ్చిన పారతో తానే మంచు ఎత్తి, తానే బండి తీసి, ఊరి చివరి మలుపు దాకా తానే నడుపుకుంటూ వెళ్లింది. అక్కడ బండి మంచులో కూరుకుపోయింది. సీటు వాల్చుకుంది. పిల్ల గంటసేపు బతికింది. మంచు తోసే లారీవాడు వచ్చి తలుపు కొట్టేసరికి వెర్నా ఒళ్లో పిల్ల చల్లబడిపోయి ఉంది.

సమాధి మీద ఏం చెక్కించమంటారని ఫాదర్ అడిగితే, "కళ్లు తెరవని పిల్లకి పేరెందుకు, ష్రామ్ వారి శిశువు అని పెట్టించండి చాలు," అన్నాడు డెల్మర్. పిల్ల కళ్లు తెరిచింది. ఆ సంగతి చూసినదానికి తెలుసు. కానీ అప్పుడు వెర్నా మాట అడిగినవాడు లేడు.

మొదటిసారి అతను ఈ కథను కర్ట్ పేరు మీద చెప్పినప్పుడు, దుఃఖాన్ని ఇలా దాటుకుంటున్నాడేమోలే, పోనీ ఒక్కసారికి అనుకుంది. ఒక్కసారి ఇరవై రెండుసార్లయింది. సొమ్మొకడిది సోకొకడిది. ఆమె మింగలేకా కక్కలేకా పక్క సీట్లో కూర్చుని, ఇరవై రెండేళ్లు ఒడిలో సలాడ్ గిన్నె పట్టుకుని విన్నది.

ఇరవై మూడో ఏడు క్లబ్బు అధ్యక్షురాలు మార్జ్ ఒక ప్రకటన చేసింది. క్లబ్బు గోడకు ఒక ఇత్తడి రేకు పెడతారట, అన్నిటికంటే గొప్ప జ్ఞాపకం దాని మీద చెక్కిస్తారట. ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. అందరూ డెల్మర్ వైపే చూశారు.

నోటిమాట గాలికి పోతుంది, ఇత్తడి పోదు. ఇక ఆ పిల్ల పుట్టనే లేదని చెక్కేస్తారన్నమాట. వెర్నా సలాడ్ గిన్నె సీటు మీద పెట్టి దిగింది. డెల్మర్ ఇంకా బీరు తెచ్చుకునే దగ్గరే ఉన్నాడు. ఎండకు కాగిన బానెట్ మీద చెయ్యి పెట్టి, మార్జ్ చేతిలోని మైకు అందుకుంది.

"నాకు మాట్లాడ్డం రాదు," అంది. "ఈ కారు ఆ రోజు నడిపింది నేను. డెల్మర్ లేడు, బారులో పేకాడుతున్నాడు. ఇందులో పుట్టింది కర్ట్ కాదు. వాడికంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. గంట బతికింది. రేకు మీద రాస్తే అది రాయండి. అంతే."

ఒక్క హారన్ మోగలేదు. ముప్ఫై నలభై కార్లు, అందరి చేతులూ స్టీరింగుల మీదే. వెర్నా చెయ్యి కాలుతున్నా తియ్యలేదు, తీస్తే ఒట్టు చెడుతుందని.

డెల్మర్ వచ్చాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, మైకు మెల్లగా తీసుకుని, "ఏమీ అనుకోకండి," అన్నాడు. "చెప్పకూడదనుకున్నాను. ఈ మధ్య మా వెర్నాకి గుర్తుండట్లేదు. మొన్న స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయింది. ఇల్లు తగలడాల్సింది. మీ ప్రార్థనల్లో తలుచుకోండి."

పాలు పొంగి మాడిన మాట నిజమే. ఏ ఇంట్లో మాడవు?

మొదటి హారన్ కర్ట్ కొట్టాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదు. వాడి వెనక అందరూ కొట్టారు. ఆ హారన్లన్నీ డెల్మర్ ఓర్పుకు. రేకు సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అంది మార్జ్, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికి వెళ్తుంటే రైలు గేటు దగ్గర బండి ఆగింది. గూడ్సు బండి పోతోంది.

"దానికి పేరేమైనా పెట్టావా?" అన్నాడు, ముందుకే చూస్తూ.

వెర్నా అతని వైపు తిరిగింది. నలభై ఒక్క ఏళ్లలో అతను ఆ పిల్ల గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

"పెట్టాను," అంది. "చచ్చిపోతోందని తెలుస్తోంది. ఫాదర్ లేనప్పుడు ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చని చిన్నప్పుడు చెప్పారు కదా. కిటికీ దించి పిడికెడు మంచు తీసి, అరచేతిలో కరిగించి నెత్తి మీద పోశాను. ఆర్డిస్ అన్నాను. మా చచ్చిపోయిన పిన్ని పేరు."

గూడ్సు పెట్టెలు ధడధడమంటూనే ఉన్నాయి. "ఊఁ," అన్నాడు డెల్మర్. "మంచి పేరు."

ఆ మాటకు వెర్నా కరిగిపోయింది. పిచ్చిది. పార్కులో జరిగిన అవమానం కూడా క్షమించేసింది. తర్వాత చలికాలమంతా డెల్మర్ ఒక్కొక్కటీ అడిగాడు. పిల్ల ఏడ్చిందా? జుట్టుందా? దేన్లో చుట్టావు? కాఫీ తాగుతూ ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. ఏడవలేదు, పిల్లికూనలా మూలిగింది. నల్లజుట్టు. నా ఎర్ర కోటులో చుట్టాను. ఇన్నేళ్లకు మొగుడు తండ్రయ్యాడని ఆమె మురిసిపోయింది. సమాధి మీద పేరు పెట్టిద్దామా అని నోటిదాకా వచ్చింది గానీ, తొందరపెడితే మళ్లీ ముడుచుకుంటాడేమోనని ఊరుకుంది.

మరుసటి ఆగస్టులో డెల్మర్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. సీటు మీద జోకు వెయ్యలేదు.

"ఇన్నేళ్లూ మీకు సగమే చెప్పాను," అన్నాడు. "మిగతా సగం చెప్పే గుండె లేకపోయింది. ఈ కారులో నాకు ఇద్దరు పుట్టారు. కర్ట్ కంటే ముందు ఒక పాప. మంచులో ఇరుక్కుపోయాం. వెర్నాకి స్పృహ లేదు. నల్లజుట్టు పాప. ఏడవలేదండీ, పిల్లికూనలా మూలిగింది. ఎర్ర కోటులో చుట్టాను. పోతోందని తెలిసి, ఇదిగో ఈ అరచేతిలో మంచు కరిగించి నేనే బాప్తిస్మం ఇచ్చాను. ఐరిస్ అని పేరు పెట్టుకున్నాను."

నిజంగానే ఏడ్చాడు. అదే ఘోరం, దొంగ ఏడుపు కాదు. చెప్పీ చెప్పీ, ఆ రోజు కారులో తానున్నానని తనకే నమ్మకం కుదిరిపోయింది. ఒక హారన్ మోగింది, ఇంకోటి, తర్వాత అన్నీ కలిసి ఎంతకీ ఆగలేదు. సరస్సు మీద పడవల్లోని వాళ్లు కూడా నిలబడి చూశారు.

"ఇప్పుడర్థమైంది!" అంది మార్జ్ పక్కామెతో, ముక్కు చీదుకుంటూ. "పోయినేడు వెర్నా చెప్పింది ఇదే, పాపం. రెండూ కలిపేసింది."

వెర్నా దిగి వచ్చింది. డెల్మర్ తన మాటలు వాడుకున్నా, తన కోటు వాడుకున్నా, తన అరచెయ్యి వాడుకున్నా ఆ క్షణాన ఆమెకు పట్టలేదు.

"ఐరిస్ కాదు," అంది మైకులో. "ఆర్డిస్."

"అవును తల్లీ, ఐరిస్," అంది మార్జ్, ఆమె చెయ్యి నిమురుతూ. "ఎంత చక్కటి పేరో!"

"ఆర్డిస్! ఆర్డిస్ అంటుంటే! పెట్టింది నేను. ఈయన అక్కడ లేనే లేడు."

"అమ్మా, చాల్లే ఇంక," అన్నాడు కర్ట్, వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని. "నాన్న అంత ఏడుస్తుంటే కూడానా? కనీసం ఈ రోజైనా ఆయన్ని వదిలెయ్యి."

"అననీరా," అన్నాడు డెల్మర్, కళ్లు తుడుచుకుంటూ. "దానికి అలా గుర్తుంటే అలాగే అననీ." ఆ ఉదారతకు ఇంకో విడత హారన్లు మోగాయి.

రేకు మీద ఐరిస్ అనే చెక్కారు. అంతటితో ఊరుకోలేదు. క్లబ్బువాళ్లంతా కలిసి, పేరు లేని ఆ పాత రాయి తీయించి కొత్తది పెట్టించారు. ఐరిస్ ష్రామ్, తండ్రి చేతుల్లో నిద్రపోయింది, అని దాని మీద ఉంది. రాయి పెట్టిన రోజు పూలు తెచ్చారు, ఫాదర్ ఆ పేరుతోనే ప్రార్థన చదివాడు. వెర్నా నోరు విప్పకుండా చూడ్డానికి కర్ట్ ఆమె పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత దుకాణంలో, చర్చిలో, బ్యాంకులో ఎవరు కనిపించినా ఐరిస్ మాటే. పూల కార్డుల మీద ఐరిస్. డెల్మర్ అయితే భోజనానికి ముందు చేసే ప్రార్థనలో కూడా ఆ పేరు చేర్చాడు.

వెర్నాకు ఒక అలవాటుంది. సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ రోజుకొకసారి ఆ పేరు పెదాల మధ్య పలుకుతుంది. నలభై ఏళ్లకు పైగా ఒక్క రోజూ తప్పలేదు. ఎవరికీ వినపడదు. నవంబరులో ఒక పొద్దున అలాగే గిన్నె తోముతూ, పెదాలు కదిపి, "ఐరిస్," అంది.

కుళాయి కట్టేసి నిలబడింది. అసలు పేరు వచ్చింది. రాకపోలేదు. కానీ వెతుక్కుంటే వచ్చింది.