పోదుం

మోచేతి దాకా చెయ్యి తొట్టి నీళ్ళలో ముంచి, తిరుమలై గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళలోపలి గొట్టం ఎంత బిగిసిందో వేళ్ళకు తెలుస్తుంది గానీ కళ్ళకు తెలియదు. అందుకే పని చేసేటప్పుడు అతను ఎప్పుడూ ఇంకెటో చూస్తుంటాడు. చూసేవాళ్ళకు మాత్రం మనిషి పరధ్యానంలో ఉన్నాడనిపిస్తుంది. పళ్ళ డాక్టరు కోసం కూర్చున్న రోగులు అతన్ని వింతగా చూసి, తమ నొప్పి కాసేపు మరిచిపోయారు.

చేపల తొట్లకు గొట్టాలు అమర్చడం, అవి మొరాయిస్తే బాగుచెయ్యడం అతని పని. యాభై దాటిన సన్నటి మనిషి. వేళ్ళ కొసలు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. ఆధార్ కార్డు కోసం వేలిముద్రలు తీసినప్పుడు ఆ మిషను అతన్ని మనిషిగా ఒప్పుకోవడానికి చాలాసేపు పేచీ పెట్టింది. ఊళ్ళో అందరి ఫోన్లలోనూ అతని నంబరు ఉంది, పేరు మాత్రం ఎవరి ఫోన్లోనూ లేదు. ‘ఫిష్ ట్యాంక్’ అని ఉంటుంది. అదేం అన్యాయమని అతనికీ తోచలేదు. పిలిస్తే పలకడమే కదా కావలసింది!

సొంత ఊరు కిరుమాంబాక్కం. తాతల నాటి పొలం అన్నదమ్ముల మధ్య ముక్కలై చేతికేమీ మిగలకపోతే, పుదుచ్చేరి వచ్చి కొళాయిల పని నేర్చుకున్నాడు. పెళ్ళి మాటలు ఒకటి రెండు చోట్ల నడిచి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. తల్లి ఉన్నంత కాలం ఇంట్లో తెలుగు వినబడేది. ఆమె పోయాక రోజంతా తమిళమే. తల్లి గాజులకు తగిలించుకునే పిన్నీసుల్లో ఒకటి అతని చొక్కాకు ఉంటుంది. గొట్టాల బొక్కల్లో పాచి తీయడానికి దాన్ని మించిన పనిముట్టు లేదంటాడు. తల్లి మీది ప్రేమ అని మాత్రం అనడు.

పొద్దుటి నుంచి ఎడమ భుజం బరువుగా ఉంది. నిన్న బకెట్లు మోసిన నొప్పి అనుకుని ఊరుకున్నాడు. ఒంటి సంగతి అంతకంటే ఆలోచించే అలవాటు అతనికి లేదు.

చెయ్యి తుడుచుకుంటుండగా ఫోను మోగింది. ఒర్లియంపేట నుంచి జయంతి. తమిళంలో గబగబా చెప్పుకుపోయింది. మామగారు దొరైస్వామి పోయినప్పటి నుంచి ఆయన పెంచిన చేపల తొట్టి ఏదో చప్పుడు చేస్తోంది. అత్తగారు దాని ముందు నుంచి లేవడం లేదు, మూడు పూటలుగా మెతుకు ముట్టలేదు. ఎలాగైనా ఈరోజు ఆ తొట్టి నోరు మూయించాలి.

తిరుమలైకి ఆ ఇల్లంటే ఇష్టం. ఆ తొట్టి తన చేత్తో పెట్టిందే. పైగా జయంతి అత్తగారు అమ్మాయమ్మ అతనితో తెలుగులో మాట్లాడుతుంది. తల్లి పోయాక అతనికి తెలుగు మిగిలింది ఆ ఒక్క గడపలోనే. మోపెడ్ మీద ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వెళ్ళాడు.

హాల్లో అడుగుపెట్టగానే ఆగిపోయాడు. అమ్మాయమ్మ తొట్టి ముందు కుర్చీలో కూర్చుని ఉంది. మడత నలగని కొత్త చీర కట్టుకుంది. తల దువ్వుకుంది. కాళ్ళ దగ్గర మూతి కట్టిన గుడ్డసంచి. బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంది.

"వచ్చినావా తిరుమలై! చెయ్యి పెట్టొద్దు. ముందు విను."

విన్నాడు. తొట్టి మూలన గాజుపలకతో కట్టిన సన్నటి అర ఉంది. పైనీళ్ళు అందులోకి పొంగి, నిలువు గొట్టంలోంచి కింద బీరువాలోని చిన్న తొట్టిలోకి దిగుతాయి. అక్కడ మడ్డి వదిలించుకున్నాక మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. నిలువు గొట్టం మూతకు ఒక చిన్న గాలి బొక్క ఉంటుంది. అది మూసుకుపోతే గొట్టం నీళ్ళను ఒక్క గుక్కలో లాగేస్తుంది. నీళ్ళు అడుగంటగానే గుక్క తెగుతుంది. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ లాగుతుంది. ఇదంతా తిరుమలైకి కొట్టిన పిండి.

"పో…" అని గొట్టం దీర్ఘంగా లాగింది. కాసేపు ఆగింది. "దుం" అంది.

తిరుమలై తొట్టికి దగ్గరగా జరిగాడు.

"విన్నావా?" అంది అమ్మాయమ్మ. "మీ పెద్దాయన ఆస్పత్రిలో కడాకు ఈ ఒక్క మాటే అంటా ఉండె. నోరు పడిపోయిందే, ఇంకో మాట రాలేదు. నేను అరవం అనుకుంటిని. గంజి చాలంటా ఉండాడని గిన్నె తీసేస్తి. సూది చాలంటా ఉండాడని నర్సును పంపేస్తి. ఆయప్ప పోయినాక తట్టింది. తెలుగులో అన్నాడేమో! ఇంటికి పోదుం, పోదుం అని నా చెయ్యి పట్టుకొని బతిమాలినాడేమో!"

ఈ ఊరి తెలుగువాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని తిప్పలు ఇవి. వీధిలో తమిళంలో పోదుం అంటే చాలు అని. గడప దాటి ఇంట్లోకి వచ్చి తెలుగులో పోదుం అంటే, వెళ్దాం పద అని. రెండు మాటలూ ఒకే నోట్లో బతుకుతాయి. జయంతికి తెలుగు రాదు కాబట్టి ఆమెకు ఈ బాధ లేదు.

"ఇప్పుడు ఇదీ అదే అంటా ఉండాది. తెలుగైతే నన్ను పిలస్తా ఉండాడు. పోదుం అనేది ఒంటి మనిషి అనే మాటా? పక్కన ఇంకొకరు ఉండాల గదా. నువ్వు రెండు బాసలూ తెలిసినోడివి. బాగా విని చెప్పు, ఇది ఏ బాస?"

"తెలుగైతే ఏం చేస్తావు పెద్దమ్మా?"

"పోతాను. కూడు మానేస్తే ఎన్నాళ్ళు పడతాది? సంచి కూడా కట్టుకుంటి" అంది, పక్కింటికి బయల్దేరినంత మామూలుగా.

తిరుమలై మూలకు వంగి, చెవి గాజుకు ఆనించాడు. తమిళంలో ఆ మాట పొట్టిగా, చెయ్యి అడ్డం పెట్టినట్టు వస్తుంది. ఇది అలా లేదు. సాగదీసి, చివర మెత్తగా దింపుతోంది. చిన్నప్పుడు చుట్టాలింట్లో ఆటల్లో పడి లేవకపోతే, తల్లి వాకిట్లో నిలబడి సరిగ్గా ఇలాగే పిలిచేది. అనుమానం లేదు. ఇది తెలుగే.

భయం వేసింది. తల తిప్పి అమ్మాయమ్మను చూశాడు. నిజం చెబితే ఈ ముసలామె ఇక అన్నం ముట్టదు. తనతో తెలుగులో మాట్లాడే చివరి మనిషి ఆ సంచి పట్టుకుని వెళ్ళిపోతుంది. ఎవరికీ, ఏ తొట్టి గురించీ ఏనాడూ అబద్ధం చెప్పని తిరుమలై గొంతు సవరించుకున్నాడు.

"అరవమే పెద్దమ్మా."

"నిజమా?"

"గాలి బొక్క మూసుకుపోయింది, నీళ్ళు చాలు, చాలు అంటా ఉండాది. పెద్దాయన గూడా గంజి చాలనే అనుంటాడు. నువ్వు తప్పేమీ చెయ్యలేదు."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది. గుండెల మీది బరువు దిగిన ఏడుపు అది. ఏడుపు ఆగాక ఆకలేస్తోందంది. జయంతి పరుగున వచ్చి ఆమెను వంటింట్లోకి నడిపించుకుపోయింది. కాసేపటికి చారు వాసన హాల్లోకి వచ్చింది. తిరుమలైకి తృప్తిగా అనిపించింది.

మోటారు స్విచ్ ఆపాడు. నీళ్ళు నిలిచిపోయాయి. గొట్టం మూత ఊడదీసి, పిన్నీసు విప్పి బొక్కలో గుచ్చాడు. పాచి నల్లగా ఊడి వచ్చింది. భుజం బరువు ఛాతీలోకి పాకింది.

"పో…"

స్విచ్ వైపు చూశాడు. ఆపే ఉంది. అరలో నీళ్ళు కదలడం లేదు. మూత అతని చేతిలోనే ఉంది. తెరిచిన గొట్టం నోరు చీకటిగా ఉంది.

"దుం."

ఈసారి అది అమ్మాయమ్మ కుర్చీని పిలిచినట్టు లేదు. విచిత్రంగా, భయం వెయ్యలేదు. తనను తెలుగులో పిలిచి ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"యాడికి?" అని అడిగాడు.

పని సగంలో వదలడం అతనికి చేతకాదు. పిన్నీసు తీయడం మరిచిపోయి, మూత అలాగే గొట్టానికి బిగించి, మోటారు వేశాడు. నీళ్ళు సద్దు లేకుండా దిగడం మొదలుపెట్టాయి. నిలబడలేక, అమ్మాయమ్మ కుర్చీలో కూర్చున్నాడు.

అన్నం తిని, గ్లాసులో మజ్జిగ పోసుకుని అమ్మాయమ్మ తిరిగి వచ్చింది.

"సద్దే లేదే! బలే చేసినావు. ఇందా, మజ్జిగ."

తిరుమలై గోడ వైపు చూస్తున్నాడు. పని చేసేటప్పుడు అతను ఎటో చూస్తుంటాడని ఆమెకు తెలుసు. అందుకని తొందర పెట్టకుండా, గ్లాసు బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడింది. చేపలు రెండు చుట్లు తిరిగి వచ్చాయి. అప్పుడు ఆమె చూపు కిందికి దిగింది. అతని చెయ్యి నీళ్ళలో లేదు. వేలాడుతున్న ఆ చేతి వేళ్ళు ఆమె గుడ్డసంచి పిడిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

జయంతి కేక విని ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో నాడి చూసి తల అడ్డంగా ఊపారు. ఇతని తాలూకు మనుషులెవరని అడిగితే, జయంతి ఫోనులో ‘ఫిష్ ట్యాంక్’ తప్ప ఇంకేమీ లేదు. కిరుమాంబాక్కం అని అమ్మాయమ్మే చెప్పింది. తీసుకుపోయేటప్పుడు సంచి విడిపించబోతే ఆమె వద్దంది.

"వాడి దగ్గరే ఉండనీండి" అంది తమిళంలో. తర్వాత, ఎవరికీ అర్థం కాని తెలుగులో, మెల్లగా అంది: "అరవమని చెప్పినావే, తిరుమలై."

అందరూ వెళ్ళిపోయాక ఆమె ఖాళీ కుర్చీ పక్కన నిలబడి చెవి ఒగ్గింది. తొట్టి ఏమీ అనలేదు. నీళ్ళు కిందికి దిగుతున్నాయి, పైకి వస్తున్నాయి. మూలన, గొట్టం మూతకు గుచ్చిన పిన్నీసు అలాగే ఉంది, దాని కొసన ఒక నీటిబొట్టు రాలకుండా నిలిచి ఉంది.