పది గజాల గాగ్రా

పొద్దున ఏడు కొట్టేవరకు పుష్పమ్మ ఇస్త్రీపెట్టెల బొగ్గులు రాజుకోవాలె. లాల్‌దర్వాజాల, మహంకాళి గుడి వెనక గల్లీ మూల మీద ఆమె బండి ఇరవై ఆరేండ్ల సంది అక్కడ్నే ఉంటది. ఇస్త్రీపెట్టె ఏడు కిలోలుంటది. కానీ ఆమె భుజాలు పడిపోయింది దానితోని కాదు, బట్టలతోని.

ఇష్టం లేకుంట తొడిగిన బట్ట బరువెక్కుతది, మనసుపడి తొడిగింది తేలికయితది. ఎండకాలం నల్లాలు బందయినట్టు, ఆ గల్లీల అది అందరికి ఎరుకున్న ముచ్చటే. కానిస్టేబుల్ సారు ఖాకీ చొక్కా నాలుగు కిలోలు తూగుతది. మూలింటి కొత్తకోడలి పట్టుచీర మడత పెట్టాల్నంటె ఇద్దరు కావాలె. బట్టలిచ్చేటోళ్లు సంచి కింద పెట్టి, "జర పైలం పుష్పమ్మా, నడుం పట్టుకుంటది" అని చెప్పి పోతరు. ఒక్కటే కట్టుబాటు: ఎవరి బట్ట ఎంత బరువుందో ఇస్త్రీ చేసేటోళ్లు పక్కోళ్లకు చెప్పొద్దు. ఇస్త్రీపెట్టె చేతికిచ్చిన రోజే అత్త ఆమెతోని ఒట్టేయించుకుంది.

ఇగ ఆమె కొడుకు శ్రవణ్ చొక్కాలు చూడాలె! నాలుగేండ్ల సంది రాళ్లమూటలే. పాపం, నౌకరి కష్టమనుకుంది పుష్పమ్మ. మేనేజరు సతాయిస్తున్నడేమోనని పోరు పెట్టి రెండు కంపెనీలు మార్పించింది. బరువు ఒక్క తులం తగ్గలే. పెండ్లయితె అన్ని కుదురుకుంటయని ఆమె తమ్ముడు అంజన్ సంబంధం తెచ్చిండు. పిల్ల పేరు వర్షిత, జల్‌పల్లిల ఉంటరు, తండ్రి వైకుంఠం బస్సు డ్రైవరు. ఈ ఆదివారమే నిశ్చితార్థం. శ్రవణ్‌ను అడిగితె "నీ ఇష్టం అమ్మా" అన్నడు. ఒప్పుకున్నట్టేనని తల్లి అనుకుంది.

శనివారం మధ్యాహ్నం ఫలక్‌నుమా నుంచి వీణ వచ్చింది, చేతుల రెండు సంచులు. వీణ పుట్టినప్పుడు ఇంట్లోళ్లు మగపిల్లగాడని పేరు పెట్టిన్రు. ఆమె మాత్రం పదేండ్ల సంది చీరనే కడతది. ఒక ల్యాబుల పనిచేస్తది, శ్రవణ్‌కు పాత దోస్తు.

"రేపు మా అసొంటోళ్ల ప్రైడ్ నడక ఉంది అత్తా, హుస్సేన్‌సాగర్ దిక్కు. ఇవి జర ఇస్త్రీ చెయ్యి."

"రంగురంగుల జెండాలు పట్టుకొని తిరుగుతరు, గదేనా? టీవీల చూసిన. ఒక పిల్లగాడు వీపుకు రెక్కలు కట్టుకున్నడు. గట్ల తిరిగితె జనం నవ్వరా బిడ్డా?"

"నవ్వుతరు. మాలోనే సగం మంది గదే అంటరు. మంచిగ ప్యాంటు చొక్కా ఏసుకొని రండ్రి, లేకపోతె మనకు ఇజ్జత్ ఇయ్యరని కొందరు. ఏడాదికి ఒక్కరోజన్న మెరవకపోతె వచ్చుడెందుకని ఇంకొందరు. ఫోన్ల ఒకటే లొల్లి. చదివి చదివి కండ్లు గుంజుతున్నయ్." వీణ స్టూలు మీద కూలబడ్డది. "బోనాలకు మొగోడు చీర కట్టి బోనమెత్తితె కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతరు. మేము నడిస్తె సిగ్గులేదంటరు."

పుష్పమ్మ పెట్టెల బొగ్గులు ఎగదోసింది. నీళ్లు పోసినోళ్లల్ల ఆమె గూడ ఉంది మరి.

మొదటి సంచిల చమ్కీల లెహంగా. ఎత్తబోతె చెయ్యి కిందికి గుంజింది. పది కిలోలకు తక్కువ లేదు.

"ఇది నీకు ఇష్టం లేదు కద బిడ్డా?"

వీణ నవ్వింది గానీ ఆ నవ్వుల జీవం లేదు. "దోస్తులు కొనిచ్చి ఒకసారి తొడిగిచ్చిన్రు, ఫోటోలకు బాగుంటదని. నాకు మెరిసే ఓపిక లేదత్తా. రోజూ కట్టే నూలుచీరల్నే నడవాలని ఉంది."

"మరి గదే కట్టుకో. ఇది మోసుకుంట ఎంత దూరం పోతవ్?"

రెండో సంచిల ఆకుపచ్చ గాగ్రా. పది గజాల గుడ్డ, ఒంటినిండ కుచ్చులే. బల్ల మీద పరిచిందో లేదో గాలికి లేసింది. చేతిరుమాలంత బరువు గూడ లేదు. ఇన్నేండ్లల్ల అంత తేలిక బట్ట ఆమె చేతికి రాలే.

"అబ్బ! ఎవరిదే ఇది? ఎంత సంబురంగ కట్టుకున్నరో!"

వీణ తల వంచుకుంది. "శ్రవణ్‌ది అత్తా. మా ఇంట్ల దాసుకుంటడు. నీకు చెప్పమని నన్ను తోలిండు. వానికి ఈ పెండ్లి వద్దు. ఆడపిల్లల మీద వానికి ఆ తీరు మనసు లేదు. నువ్వు ఏడుస్తవని నోరు తెరుస్తలేడు."

పుష్పమ్మకు ముందుగాల కోపమొచ్చింది, నాలుగేండ్లు రాళ్లు మోపిచ్చి తల్లికి ఒక్క మాట చెప్పకపాయెనని. పిల్లగాని నౌకరీలు ఊకె మార్పించినందుకు సిగ్గనిపించింది. తర్వాత ఏమనుకోవాల్నో గూడ తెల్వనంత అలసటొచ్చింది. గాగ్రాను ఒక చేత్తోని ఒత్తిపట్టి, ఇంకో చేత్తోని ఇస్త్రీ చేసుకుంట కూసుంది.

ఆదివారం పొద్దుగాల మేనల్లుని నిశ్చితార్థం సూటు కోసం అంజన్ బండి కాడికి వచ్చిండు. ఏటా బోనాలకు పోతరాజు ఏసేటోడు, ఇంత కండ ఉన్నోడు. శ్రవణ్ ఆ సూటును కొలతలకని ఒక్కసారి తొడిగి ఇడిసిండు, అంతే. అంజన్ ఒక చేత్తోని ఎత్తబోతె లేవలే. రెండోసారి గుంజి నడుం పట్టుకున్నడు.

"ఏందక్కా ఇది?"

పుష్పమ్మ అంతా చెప్పింది. గాగ్రా సంగతి గూడ దాయలే. అంజన్ ముఖం ఎర్రబడ్డది.

"బోనాల ముచ్చట వేరే! అది మొక్కు. వాడు ఆ గాగ్రా కట్టుకొని గల్లీ దాటితె మళ్ల ఈ ఇంటి గడప తొక్కనియ్య!"

"ఇల్లు నాది తమ్మీ. ఒక చెయ్యెయ్యి."

ఇద్దరు కలిసి సూటును పక్క పాతపేపర్ల దుకాణపు కాంటా మీదికి ఈడ్చిన్రు. ముప్పై నాలుగు కిలోలు. పుష్పమ్మ చెమట తుడుచుకొని, వైకుంఠానికి ఫోన్ కలిపింది. అత్తకేసిన ఒట్టు ఇట్ల తీసి గట్టు మీద పెడతదని ఆమె ఎన్నడు అనుకోలే.

"అన్నా, మా పిల్లగాని సూటు ముప్పై నాలుగు కిలోలు."

అవతల ఎనక నుంచి గిన్నెల చప్పుడు, ఆడోళ్ల నవ్వులు వినిపిస్తున్నయ్. వైకుంఠం బయటికి నడిచినట్టున్నడు, ఆ చప్పుడు సన్నగయ్యింది.

"కాంటా మీద చూసినవా చెల్లె?"

"చూసిన. తప్పు వానిది కాదు, నీ బిడ్డది కాదు."

"మా బావ షేర్వాణి గూడ గంతే ఉండెనంట. ఇస్త్రీ చేసినోళ్లకు ఎరుకే, ఒక్కలు చెప్పలే. మా అక్క ముప్పై ఏండ్లు గోడలతోని మాట్లాడింది. వర్షితకు నేను చెప్పుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

అంజన్ చాయ్ గూడ తాగకుంట బైకెక్కి పోయిండు. వానికి ఇప్పట్ల కోపం దిగదని ఆమెకు తెలుసు.

నడకకు పోనీకి శ్రవణ్ గాగ్రా కట్టుకొని గడప దాటేసరికి మధ్యాహ్నం రెండయ్యింది. పైన నల్ల టీషర్టు, ఏడ్చి ఏడ్చి కండ్లు వాచి ఉన్నయ్.

"ఎట్లుంది అమ్మా?"

"నాకు నచ్చలే. గన్ని కుచ్చులెందుకు? దారిల ఎవడు ఏమంటడోనని గుండె దడదడలాడుతుంది."

గాలికి గాగ్రా మోకాళ్ల దాక లేస్తనే ఉంది. శ్రవణ్ రెండు చేతులతోని ఒత్తిపట్టి, కదలాల్నో వద్దో తెల్వక అట్లనే నిలబడ్డడు. పుష్పమ్మ కష్టంగ మోకాళ్ల మీద కూసొని, నడుముకు దోపుకున్న ఇంటి తాళంచెవి తీసి, గాగ్రా అంచుకు గట్టిగ ముడేసింది.

"ఇగ లేవది, పో. నేను మస్తు అలిసిపోయిన, తొందరగ పండుకుంట. వచ్చినంక తలుపు కొట్టకు. నువ్వే తాళం తీసుకొని లోపలికి రా."