మలుపు దగ్గర కూత

సరంగు ఆ లాంచీ నడపడం మొదలుపెట్టిన నాటి నుంచి బండరాయి మలుపు దగ్గర కూత వెయ్యని రోజు లేదు. అవతలి ఒడ్డున బయల్దేరిన లాంచీ దాదాపు దారంతా తిన్నగానే వస్తుంది. చివర్లో మాత్రం సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద బండ చుట్టూ తిరిగితే గానీ దీవి రేవు కనపడదు. బండకి అటు పక్క ఏ పడవ ఉందో ఇటు పక్క వాళ్లకి తెలియదు. అందుకని మలుపుకి ముందు పొడుగాటి కూత ఒకటి వెయ్యాలని రూలు. పొగమంచు ఉన్నా వేసేవాడు, ఎండ ఫెళ్లుమంటున్నా వేసేవాడు. కనుచూపు మేరలో ఒక కొంగ తప్ప మరేమీ లేకపోయినా వేసేవాడు. "పాపం, ఆ కొంగకి తెలియాలిగా మనం వస్తున్నామని" అని ఇంజను మేస్త్రీ వేళాకోళం చేసేవాడు.

వారాంతాల్లో ఆ లాంచీ ఎక్కినవాళ్లని ఎందుకొచ్చారని అడగక్కర్లేదు, చేతిలో సామాను చూస్తే చాలు. ఎర డబ్బాలు, గాలం కర్రలు పట్టుకుని వెనక వైపు చేరేవాళ్లు చేపల కోసం. కెమెరాలు వేలాడేసుకుని ముందు వైపు చేరేవాళ్లు దీవిలో బొమ్మలేసేవాళ్ల వీధి కోసం. ఏడాదికోసారి జరిగే సంగీతోత్సవానికి మాత్రం అందరూ కలిసిపోతారు, కాలు పెట్టడానికి చోటుండదు. వీళ్లలో వారం వారం మానకుండా వచ్చేది గాలం పెద్దాయన. రిటైరయ్యాక ఖరీదైన గాలాలు మూడు కొన్నాడు. అరచేతిని మించిన చేప ఇంతవరకూ పట్టలేదు. తప్పించుకుపోయిన చేప సైజు మాత్రం చెప్పినప్పుడల్లా కాస్త పెరుగుతుంది.

దీవి రేవులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది సరంగు చెల్లెలు. నలభై దాటిన మనిషి. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే ఆవిడ పాట ఎత్తుకునేది, దాంతో కొన్నాళ్లకి అడిగేవాళ్లే మానుకున్నారు. అన్నగారింట్లోనే మేడ మీద గదిలో ఉంటుంది. వంటిల్లు అందరికీ ఒకటే. గొంతు మాత్రం ఆ ఇంట్లో ఆవిడ ఒక్కదానికే వచ్చింది. సరంగు సంగతి చెప్పక్కర్లేదు, ఇంజను పక్కన బతికి బతికి అతని చెవులు సగం మొద్దుబారాయి. పైగా ఆవిడ ఎక్కడ పాడినా అది సెలవు రోజే అయి ఉంటుంది, సెలవు రోజున సరంగుకి పని రెట్టింపు. చెల్లెలి పాట ఒక్కటంటే ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా విన్న పాపాన పోలేదు.

పోయిన ఏడు ఉత్సవంలో ఆవిడకి మొదటిసారి పెద్ద వేదిక మీద అవకాశం వచ్చింది. రేవు పక్క మైదానం నిండా జనం. పాట పైపైకి వెళ్లి, గొంతు సన్నగా ఒక్క చోట నిలబడి, అందరూ ఊపిరి బిగబట్టిన సమయంలో బండ అవతల నుంచి లాంచీ కూత వేసింది. దీవిలో ఉన్న కుక్కలన్నీ దాన్ని అందుకున్నాయి. జనం గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవడో "వన్స్ మోర్" అని అరిచాడు. ఆవిడ పాట ఆపేసి, మైకు స్టాండుకి తగిలించి, ఎవరి వంకా చూడకుండా దిగిపోయింది.

ఇంటికొచ్చాక అన్నని నిలదీసింది. "ఒక్క రోజు, ఒక్క కూత ఆపితే నీ సొమ్మేం పోయేది?"

"రూలు రూలే. మలుపవతల ఎవరైనా ఉంటేనో?" అన్నాడు సరంగు.

"ఉన్నానుగా! మలుపవతల నేనున్నానుగా!"

సరంగు అన్నగారు కదా, కంచం ముందేసుకుని తినడం మొదలుపెట్టాడు.

అంతే, ఆ పూట నుంచి మాటల్లేవు. మధ్యలో నలిగిపోయింది సరంగు భార్య. ఆవిడ విరిగిన తెడ్లు ఏరుకొచ్చి వాటి మీద బొమ్మలు వేసి బొమ్మల వీధిలో అమ్ముతుంది. నోట్లో కుంచె కరుచుకుని ఉండగానే కబుర్లు మోయాల్సి వచ్చేది. "వదినా, మీ ఆయనకి చెప్పు, మేడ మీద పంపు కారుతోందని" అని ఒకరు, "మీ ఆడపడుచుకి చెప్పు, రేపు బాగుచేస్తానని" అని ఒకరు. ముగ్గురూ కూర్చున్నది ఒకే బల్ల దగ్గర. "నేనేమన్నా టెలిఫోన్ తీగనా?" అని ఆవిడ విసుక్కుంటే ఇద్దరూ చెరో వైపు చూసేవాళ్లు.

ఇంటి సంగతి సరే, రేవులో మరీ కష్టం. లాంచీ కదిలే ముందు ఎంతమంది ఎక్కారో సరంగుకి చెప్పాల్సింది టికెట్ల కిటికీయే. ఇదివరకు "అన్నయ్యా, ముప్పై మంది!" అని కేకేసేది. ఇప్పుడు మైకు తీసుకుని, రేవంతా వినపడేలా, "సరంగుగారికి మనవి. పెద్దలు ముప్పై, పిల్లలు ఆరుగురు, మేక ఒకటి" అని చదివేది. వినేవాళ్లకి నవ్వులాట. సరంగు మాత్రం ఆ 'గారు' చెవిలో పడ్డప్పుడల్లా తల వంచుకుని చుక్కాని తుడిచేవాడు. నాలుగు తిట్టినా హాయిగా ఉండేది అనుకునేవాడు. చెల్లెలు మళ్లీ 'అన్నయ్యా' అంటే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు. ఆ ముక్క నోరు తెరిచి చెప్పడం మాత్రం అతని వల్ల కాలేదు.

ఈ ఏడు ఉత్సవం దగ్గర పడ్డాక ఒకరోజు భార్య కుంచెలు కడుగుతూ చెప్పింది. "మీ చెల్లెలికి మళ్లీ అవకాశం ఇచ్చారు. ఒక్కటే పాట. ఏ వేళ కావాలో కోరుకోమన్నారట. సాయంత్రం లాంచీ వచ్చే వేళే కావాలందట."

"అదేమిటి, తెలిసి తెలిసి?"

"తెలిసే అడిగిందట మరి" అంటూ ఆవిడ కడిగిన కుంచెనే మళ్లీ కడిగింది. పరాకులో లేకపోతే సరంగు ఆ సంగతి గమనించి ఉండేవాడు.

అతనికి ఒక్కటే తోచింది, పంతం. కూత వేస్తావో, చెల్లెలు కావాలంటావో తేల్చుకో అని ఆవిడ తనకి పరీక్ష పెట్టింది. నాలుగు రోజులు గింజుకున్నాడు. రూలు ఒకవైపు లాగింది, 'సరంగుగారు' ఒకవైపు లాగింది. చివరికి రూలు ఓడింది. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. చెబితే మెప్పు కోసం చేసినట్టు ఉంటుందని అతని బాధ.

ఉత్సవం రోజు సాయంత్రం లాంచీ కిటకిటలాడుతూ బయల్దేరింది. మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే సరంగు ఇంజను మేస్త్రీని పైకి పిలిచాడు.

"ఇవాళ కూత లేదు. వేగం తగ్గించేస్తున్నా. నువ్వు ముందుకెళ్లి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడు. ఏదైనా పడవ కనపడితే కెవ్వుమను."

మేస్త్రీ అతని మొహంలోకి తేరిపార చూశాడు. "గురూ, ఒంట్లో బాగానే ఉందా?"

"వెళ్లవయ్యా, వెళ్లు."

లాంచీ నడకకి దిగింది. గాలం కర్రల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. కెమెరాల వాళ్లు ఆలస్యం అవుతోందని గొణిగారు. గాలం పెద్దాయన జనాన్ని తోసుకుంటూ చుక్కాని గది కిటికీ దాకా వచ్చి తల లోపల పెట్టాడు.

"ఏమయ్యా సరంగూ, కూత మరిచిపోయావా? ఇన్నేళ్లలో నేను ఎర మరిచిపోయాను గానీ నువ్వు కూత మరిచిపోలేదే!"

"మరిచిపోలేదండీ. కూర్చోండి."

అలవాటు పడ్డ చెయ్యి కూత తాడు వైపు తనంత తాను వెళ్లింది. దాన్ని వెనక్కి తెచ్చి చుక్కాని మీద పెట్టి అదిమాడు. ముందు మేస్త్రీ ఎర్రగుడ్డ ఊపుతూ, మెడ సాచి, ఎవరూ అడ్డులేని నీళ్ల మీద "హోయ్, హోయ్" అని మొహమాటంగా అరుస్తున్నాడు. బండ పక్కగా లాంచీ పాకుతూ పాకుతూ తిరిగింది. అడ్డం ఎవరూ లేరు. సరంగు ఊపిరి వదిలి, ఇంజను చప్పుడు వీలైనంత తగ్గించి, కిటికీలోంచి చెవి బయట పెట్టాడు. ఈసారైనా విందామని.

ఏమీ వినపడలేదు. గాలి రేవు వైపు నుంచే వీస్తోంది. మైదానంలో జనం కనపడుతున్నారు, దీపాల తోరణాలు కనపడుతున్నాయి. పాట లేదు, చప్పట్లు లేవు, ఈల కూడా లేదు. అంత జనం అంత నిశ్శబ్దంగా ఉండటం అతను ఎప్పుడూ చూడలేదు. ఆలస్యం చేశానా, పాట అయిపోయిందా అనుకున్నాడు.

అప్పుడు రేవు మీద ఎవరో పరుగెత్తుకు రావడం కనపడింది. ఆడమనిషి. వేదిక కోసం కట్టుకున్న మెరుపుల చీర కుచ్చిళ్లు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, చెప్పులు లేకుండా వస్తోంది. దారిలో ఉన్న గాలం వాళ్ల బకెట్టు ఒకటి తన్నేసింది, ఆగలేదు. రేవు అంచుకొచ్చి, ఇంకో అడుగు వేస్తే నీళ్లలో పడేలా నిలబడి అరిచింది.

"అన్నయ్యా!"

సరంగుకి చుక్కాని చేతిలో ఉందన్న సంగతి గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. లాంచీ రేవుని గట్టిగానే గుద్దుకుంది. తాళ్లు కట్టడం మేస్త్రీకి వదిలేసి కిందికి దూకాడు.

చెల్లెలు అతని భుజాలు, చేతులు తడిమి చూసింది. ఆయాసంతో మాట సరిగా రావడం లేదు. "ఏమైందన్నయ్యా? కూత ఏదీ? ఎంతసేపటికీ వినపడలేదు. లాంచీకేమైంది? నీకేమైంది?"

"నాకేమైంది? ఏమీ కాలేదు. నీ పాటకి అడ్డం రాకూడదని నేనే మానేశాను."

ఆవిడ చేతులు అక్కడే ఆగిపోయాయి. "మానేశావా?"

"మరి నువ్వేగా పోయిన ఏడు..."

"ఓరి భగవంతుడా" అని ఆవిడ అక్కడే రేవు మెట్టు మీద కూలబడింది.

వెనకాలే సరంగు భార్య రొప్పుతూ వచ్చింది. చేతికి నీలిరంగు ఇంకా అంటుకునే ఉంది. భర్త బతికే ఉన్నాడని చూసుకుని, ఆ తర్వాత కోపం తెచ్చుకుంది.

"ఏమండీ, ఎంత పని చేశారు! మీ కూతతోనే దాని పాట మొదలు. అదే శ్రుతి. ఏడాది పాటు ఆ కిటికీలో కూర్చుని రోజూ వింటూ కట్టుకుంది. కూత వినపడగానే ఎత్తుకుంటానని వాయిద్యాల వాళ్లని ఆపి నిలబడింది. జనమంతా ఏం జరుగుతుందా అని చూస్తున్నారు. ఎంతకీ రాదే! ఇది మొహం పాలిపోయి, మైకు కింద పడేసి ఒకటే పరుగు. అన్నయ్య కూత వెయ్యకుండా ఉండడు, ఏదో అయిందంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు సరంగు.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మరి మీరు నాకెందుకు చెప్పలేదు?"

మైదానం వైపు నుంచి లౌడ్ స్పీకర్లో "హలో, హలో, చెక్" అని వినపడింది. తర్వాతి బృందం వేదిక ఎక్కేసింది. ఆ ఉత్సవంలో ఒకసారి దిగినవాళ్లని మళ్లీ ఎక్కనివ్వరు, వరసలో ఇంకా బోలెడుమంది ఉన్నారు. రెండేళ్లు, రెండు పాటలు. ఒకటి కూత వేసి చెడగొట్టాడు, ఇంకొకటి వెయ్యకుండా చెడగొట్టాడు. అతనికి ఏడుపొచ్చింది. గాలం వాళ్లంతా చూస్తున్నారని మింగేశాడు.

"ఇంకో ఏడాది ఆగాలి" అన్నాడు మెల్లగా. "తప్పు నాదే."

చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. "పోనీలే అన్నయ్యా. నువ్వు బండకి గుద్దుకున్నావనుకున్నాను. పాట పోతే పోయింది."

ఏడాది తర్వాత ఆ 'అన్నయ్యా' అన్న మాట ఇది మూడోసారి. సరంగు తల తిప్పుకుని గబగబా లాంచీ ఎక్కాడు. తిరుగు ప్రయాణం వాళ్లు అప్పటికే ఎక్కి కూర్చుంటున్నారు. చుక్కాని గదిలోకి వెళ్లి, కిటికీలోంచి చెల్లెలి వైపు ఒకసారి చూసి, తాడు పట్టుకుని లాగాడు. బయల్దేరే ముందు వెయ్యాల్సిన కూత పొట్టిది. అతను వేసింది మలుపు దగ్గర వేసేది. ఉన్న ఆవిరంతా అయిపోతుందా అన్నట్టు అంత పొడుగునా వేశాడు. కుక్కలు అందుకున్నాయి. గాలం పెద్దాయన చెవులు మూసుకున్నాడు.

కూత ఆగేసరికి చెల్లెలు లేచి నిలబడి ఉంది. ఆవిడ నోరు తెరిచింది. పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు కనపడుతున్నాయి. రేవు మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బకెట్లు కింద పెట్టి ఆవిడ వైపు తిరుగుతున్నారు. చుక్కాని గదిలో సరంగుకి మాత్రం ఇంజను రొద తప్ప ఏమీ వినపడటం లేదు. అతను కాలితో నేల మీద దబదబా తన్నాడు. కింద నుంచి మేస్త్రీ తల పైకొచ్చింది.

"ఏమైంది గురూ? ఇంజను బానే ఉందిగా!"

"ఆపవయ్యా దాన్ని! మా చెల్లెలు పాడుతోంది."

ఇంజను ఆగింది. అప్పటికి మొదటి చరణం అయిపోయింది. సరంగు రెండో చరణం నుంచి చివరిదాకా, కిటికీకి ఆనుకుని, కదలకుండా విన్నాడు. మొదటి చరణం ఏమిటో రేపు టికెట్ల కిటికీ దగ్గర అడుగుదామనుకున్నాడు.