ఉల్లిగడ్డ గడియారం

మా ఊరు లా కాంబెట్‌లో మగవాళ్ళకి ఉన్న ఒకే ఒక్క నగ జేబు గడియారం. కొండల్లో మంచు కురిసే ఆరు నెలలూ కిటికీల దగ్గర కూర్చుని లోకానికంతా గడియారాలు చేసిపెట్టే ఊరు మాది. ఆదివారం చర్చి వదలగానే ఒకరి గడియారం ఇంకొకరు బయటికి తీయించి, మూత తెరిపించి, చెవికి ఆనించుకుని వింటూ చలి సంగతే మరిచిపోతారు.

మా పెదనాన్న న్యూమా గడియారం ఆయన ముత్తాతది. గుప్పిట్లో పట్టనంత లావు. రోజూ పొద్దున్నే చిన్న తాళంచెవి దూర్చి కీ ఇవ్వాలి. జేలీ అత్త భర్త ఓగ్యూస్త్ మామయ్యది కొత్తది, బిళ్ళలా పలచన. దానికి తాళంచెవి అక్కర్లేదు, నెత్తిన ఉన్న గుండీ తిప్పితే చాలు. ఆ ఏడు జనవరిలో చర్చి మెట్ల మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"ఏం బావా, జేబులో ఉల్లిగడ్డ వేసుకొచ్చావు? సూపులోకా?" అన్నాడు మామయ్య.

"నవ్వు, నవ్వు. ఈ ఉల్లిగడ్డ నాలుగు తరాలు చూసింది. నీ బిళ్ళని నాలుగు చలికాలాలు చూడమను."

"రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుందిగా!"

"అయితే? నాకేమైనా రైలు తప్పిపోతుందా? ఆగకుండా నడుస్తోంది, అది చాలు."

అక్కడే పందెం కుదిరింది. ముప్పై రోజుల్లో ఎవరి గడియారం ముందు ఆగితే వాళ్ళు ఓడినట్టు. ఓడినవాడు ఏడాది పాటు ప్రతి ఆదివారం అందరి ముందూ అవతలివాడి గడియారానికి టోపీ తీసి దండం పెట్టాలి. తీర్పరిని నేను. పోస్టాఫీసులో తంతి యంత్రం దగ్గర కూర్చునేదాన్ని. నొషాటెల్ నక్షత్రశాల నుంచి మధ్యాహ్నం టైము చెప్పే సంకేతం నా బల్ల మీదకే వచ్చేది. ఆ వేళకి ఇద్దరూ వచ్చి గడియారాలు చూపించాలి. వాళ్ళ వెనకే సగం ఊరు వచ్చేది.

పంతొమ్మిదో రోజు మామయ్య ఆలస్యంగా వచ్చాడు. ఒళ్ళంతా మంచు, నెత్తిన టోపీ లేదు. వెనకాలే అత్త, నవ్వలేక పొట్ట పట్టుకుని.

"చూడవే సెసిల్, అరవై మూడేళ్ళ కుర్రాడు! పాలక్యాన్ల స్లెడ్జిబండి ఎక్కి మంచు మీద జారుతూ కొండ దిగాడు!"

మామయ్య గడియారం నా బల్ల మీద పెట్టాడు. చప్పుడు లేదు.

"గెలిచావు బావా," అన్నాడు. "టోపీ తీద్దామంటే అదెక్కడో మంచులో పడిపోయింది."

పెదనాన్న గంతులేస్తాడనుకున్నాం. ఆయన ఆ ఆగిన గడియారం చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి చూశాడు. "ఊగే చక్రం ఇరుసు విరిగింది. గడియారం దానంతటది ఆగితే ఓటమి. దొర్లింది నువ్వు. ఇటు తే."

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరిలో ఒక్కరూ రాలేదు. పని ముగించుకుని పెదనాన్న ఇంటికి వెళ్ళాను. కంటికి భూతద్దం బిగించుకుని కిటికీ దగ్గర వంగి ఉన్నాడు. పొద్దున్నే పెట్టిన కాఫీ మీద మీగడ గట్టిపడింది. పక్కన మామయ్య, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"తిన్నావా పెదనాన్నా?"

"ఊపిరి నెమ్మదిగా వదలవే, ఎగిరిపోతుంది."

వెంట్రుక మందం కొనలున్న ఇరుసు అది. నలభై ఏళ్ళుగా ఆయన చేసిన పని అదొక్కటే. వేల ఇరుసులు చేశాడు, ఒక్కటైనా ఏ దొర జేబులోకి వెళ్ళిందో తెలియదు. "ఇదొక్కటి ఎక్కడికెళ్తుందో తెలుసు," అన్నాడు తల ఎత్తకుండా. ఇరుసు అమర్చి చక్రం బిగించగానే అది వణికి, ఊగడం మొదలెట్టింది. మామయ్య పెదనాన్నని వాటేసుకున్నాడు.

ఆ మర్నాడు ఇద్దరూ పోస్టాఫీసుకి వచ్చారు. మామయ్య గడియారం చక్కగా నడుస్తోంది. పెదనాన్న తనది తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న పొద్దున కీ ఇవ్వడం మరిచిపోయాను. సాయంత్రం నాలుగున్నరకి ఆగింది."

"ఎవరు చూశారు?" అన్నాడు మామయ్య.

"నేను చూశాగా."

"మరిచింది నువ్వు. నీ లెక్కన చూస్తే గడియారం ఓడనట్టే!"

"కాదు బావా. రోజూ మనిషి చెయ్యి పడితేనే నడుస్తుందిది. ఆ చెయ్యి కూడా దానిలో భాగమే. ఓడాం."

ఎంత వాదించినా ఆయన దిగిరాలేదు. తీర్పరిగా నాకు పనే లేకపోయింది.

ఆదివారం చర్చి ముందు పెదనాన్న టోపీ తీసి మామయ్య గడియారానికి వంగి దండం పెట్టాడు. మామయ్యకి మొహం చెల్లలేదు. కొత్తగా కొన్న టోపీ తనూ తీసి ఉల్లిగడ్డకి దండం పెట్టాడు. ముందు ఎవరు టోపీ పెట్టుకోవాలో తేలక ఇద్దరూ బట్టతలలతో మంచులో నిలబడిపోయారు.

"జలుబు చేస్తుంది, పెట్టుకోండయ్యా!" అని అత్త అరిచింది.

ఆ రోజు భోజనానికి ముందు మామయ్య మొహమాటంగా అడిగాడు, "బావా, దాన్ని ఒకసారి విప్పి చూడనిస్తావా?"

వెనక మూత లోపలివైపు సూదితో గీసిన సన్నని గీతలున్నాయి. బాగుచేసిన ప్రతివాడూ తన పేరూ, ఏడాదీ గీసి వదిలాడు. మామయ్య భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు.

"వెయ్యీ ఎనిమిది వందల పదకొండు... ఇది మా తాత పేరు!"

"ఏదీ?" పెదనాన్న ఎగబడ్డాడు. "అబ్బ, ఏం వంకర రాతరా! అప్పటినుంచే మీ వంశానికి చెయ్యి నిలవదన్నమాట."

"నిలవకపోతే ఇన్నాళ్ళు నడిచేదా ఇది?"

వేయించిన సాసేజీలు చల్లారిపోతున్నాయని అత్త నాలుగోసారి పిలిచింది. ఇద్దరూ ఒకే భూతద్దం కోసం పెనుగులాడుతున్నారు, వినిపించుకోలేదు. మేం మొదలెట్టేశాం.