ఏ పక్క ఆపరేషన్

పరిమళకి అబద్ధాలు చెప్పడం చేతకాదు. జన్మలో ఒకే ఒక్కటి గట్టిగా చెప్పింది, అందులోనే ఇరుక్కుపోయింది. కిందటేడు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలితే, అత్తగారు ప్రేమకుమారికి మాత్రం గర్భసంచి తీయించుకుంటున్నానని చెప్పింది. ప్రేమకుమారి పెద్దకూతురు జాయిస్ ఇదే జబ్బుతో పోయింది. మళ్ళీ ఆ మాట చెవిన పడితే ఆవిడ గుండె ఆగిపోతుందని పరిమళ భయం. భర్త రత్నబాబు చేత ఒట్టు వేయించుకుంది. ఎవరేం అడుగుతారోనని చర్చిలో శుక్రవారం ఆడవాళ్ళ కూడికకి వెళ్ళడమే మానేసింది.

ఇప్పుడు ఎడమ చెయ్యి వాచింది. జాకెట్టు చేతులు ఎంత పొడుగ్గా కుట్టించుకున్నా దాగనంత వాపు. డాక్టరు చేతిలో చేరిన నీరు దిగడానికి లింఫ్ మసాజ్ చేయించుకోమని నందిగామలో అక్షయ అనే ఫిజియోథెరపిస్టు నంబరిచ్చాడు. జ్వరమున్నా, చెయ్యి ఎర్రగా వేడిగా ఉన్నా రావద్దనీ, గాజులూ ఉంగరాలూ తీసి రమ్మనీ, ఇది నూనె పెట్టి పిసకడం కాదు, చర్మాన్ని మెత్తగా నిమరడమేననీ అక్షయ ఫోన్లోనే చెప్పింది. పరిమళ అన్నీ పాటించింది. అత్తగారిని ఇంట్లో ఉంచడం మాత్రం ఆమె వల్ల కాలేదు. పెనుగంచిప్రోలులో ఆటో దగ్గరికి వచ్చేసరికే ఆవిడ ఎక్కి కూర్చునుంది.

"ఆపరేషన్లేమైనా అయ్యాయా అండీ?" అడిగింది అక్షయ.

"గర్భసంచి తీశారండి."

అక్షయ పెన్ను పక్కన పెట్టింది. దానికి చెయ్యి వాయదని నెమ్మదిగా చెప్పింది. చంకలో గ్రంథులు తీసుంటే చేతిలో నీటిని ఆ పక్కకి పంపకూడదట, రెండో పక్కకి మళ్ళించాలట. ఏ పక్కో తెలియకుండా తను ముట్టుకోనంది.

పరిమళ తలుపు వైపు చూసింది. నిజం చెబితే అత్తగారు ఏమైపోతుందో, చెప్పకపోతే చెయ్యి ఏమైపోతుందో. ఆవిడ తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కాస్త మంచినీళ్ళు తెస్తారా అత్తయ్యా అంటే, సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. తాగక తప్పలేదు.

"ఎడమ పక్కేనమ్మా," అంది ప్రేమకుమారి. "గ్రంథులు తీశారు. కరెంటు కూడా పెట్టారు."

అక్షయ కాగితం మీద రేడియేషన్ అని రాసుకుంది. మీకెట్టా తెలుసని పరిమళ అడిగింది.

"గర్భసంచి తీస్తే పొట్ట పట్టుకుని లేస్తారు. నువ్వు చంక పట్టుకుని లేచావు. జాయిస్‌ని చూసినదాన్ని, నాకు తెలవదా? నువ్వు నోరు విప్పేదాకా నిన్నేమీ అడగొద్దని అందరికీ చెప్పా. శుక్రవారం కూడికలో ఏడాదిగా అందరం నీ పేరు పెట్టే ప్రార్థన చేస్తన్నాం."

పరిమళకి ఒళ్ళు మండిపోయింది. దానివెంటే ఏడుపూ వచ్చింది. ఊరందరికీ తెలిసిన సంగతిని పొడుగు చేతుల జాకెట్లో దాచుకుని ఎండాకాలమంతా ఉడికి చచ్చింది. ఒక్క శుక్రవారం వెళ్ళినా తెలిసిపోయేది.

అక్షయ పడుకోమంది. ప్రేమకుమారి కుర్చీ మంచం పక్కకి లాక్కుంది.

"మెత్తగా చెయ్యి తల్లీ," అంది. "జాయిస్‌కి నేను నూనె పెట్టి గట్టిగా పిసికా. అప్పుడు నాకెవరూ చెప్పలా."