పన్నెండో బేరం

ప్రకటనలో ఉన్నది ఇంతే: "1991 నాటి డీజిల్ వ్యాను. లోపల రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు. పొడవు అయిదు మీటర్ల నలభై. మంచి చేతుల్లోకి మాత్రమే."

ఆ చివరి ముక్క చదివి హిల్కే నవ్వుకుంది. తన చేతులు మంచివో కావో గానీ గట్టివన్న సంగతి ఆ తీరంలో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా సముద్రం ఒడ్డున సెలవు ఇళ్ళు శుభ్రం చేసే పని ఆమెది. ఎవరెవరో వచ్చి వారం రోజులు కాళ్ళు చాపుకుని పోతారు. వాళ్ళు విడిచిన దుప్పట్లు తీసి, బాత్రూముల్లో ఇసుక ఊడ్చి, తర్వాత దిగే వాళ్ళకు పక్కలు వేసేది ఆమె. యాభై నాలుగేళ్ళు వచ్చినా తను మాత్రం ఎక్కడికీ పోయి ఒక్క వారం పడుకున్నది లేదు. ఇప్పుడు ఒకటే కోరిక పట్టుకుంది. తనదంటూ ఒక సెలవు ఇల్లు ఉండాలి, అది పది నిమిషాల్లో ఊడ్చేసేంత చిన్నదై ఉండాలి, దానికి చక్రాలుండాలి.

ఆ కోరికకు హద్దు ఆమె పెరడే గీసింది. ఇంటి గోడకీ కాలువకీ మధ్య ఉన్న జాగా అయిదు మీటర్ల అరవై. అంతకు మించిన బండి తెస్తే వెనక చక్రాలు నీళ్ళలోనే. ఏడాదిగా వెతుకుతోంది. ఆ కొలతకు సరిపోయే బండ్లు రెండు రకాలే దొరికాయి. కొత్తవి, ధర వింటే గుండె ఆగుతుంది. పాతవి, కింద దూరి చూస్తే గుండె ఆగుతుంది.

"ఫోకో బండా? అక్కడికి పోవడం శుద్ధ దండగే," అంది పనిలో తోడుండే గ్రీట్యే, దిండు గలేబు దులుపుతూ. "ఆయన అమ్మడు. ఇప్పటికి పదకొండు మందిని తరిమేశాడు. ఓల్డెన్‌బుర్గ్ నుంచి పాపం ఒక టీచరమ్మ వస్తే, ఆవిడకి టీ తాగడం రాదని పంపేశాట్ట!"

"టీ తాగడం నాకొచ్చులేవే."

"నోరు మూసుకోవడం రాదుగా, అదీ నీ బాధ."

మార్చిలో మొదటి మంగళవారం మధ్యాహ్నం హిల్కే వెళ్ళింది. ఫోకో గారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. సముద్రపు కరకట్ట మీద, తూము దగ్గర ముప్పై అయిదేళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. సముద్రం ఆటుకు వెనక్కి తగ్గితే తూము తలుపులు తీసి పొలాల నీళ్ళు వదలడం, పోటు మొదలు కాగానే మూసేయడం, అదీ ఆయన ఉద్యోగం. నలుగురు మాట్లాడే చోట ఒక్క మాట ఆడతాడు, అదీ అవసరమైతేనే.

"మొయిన్," అని ఆ ఊళ్ళ పద్ధతిలో పలకరించాడు గుమ్మంలోంచి.

"మొయిన్," అంది హిల్కే. అక్కడితో పరిచయాలు అయిపోయాయి.

బండి తెల్లగా మెరుస్తోంది. కింద తుప్పు లేదు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. లోపల చిన్న బల్ల మీద అప్పటికే రెండు కప్పులు, కలకండ గిన్నె, మీగడ చెంచా సిద్ధంగా ఉన్నాయి. కొనే మనిషి బండిలోనే కూర్చుని టీ తాగాలి, ఇది ఆయన పెట్టిన పరీక్ష. ఆ ప్రాంతంలో మూడు కప్పులు తాగకుండా లేస్తే ఇంటివాళ్ళను అవమానించినట్టు. చాలనుకుంటే కప్పులో చెంచా పెట్టాలి. పెట్టనంత సేపూ పోస్తూనే ఉంటారు.

హిల్కే లోపల కాలు పెట్టింది. వాసన ముక్కు మీద గుద్దింది.

ఆ వాసన ఆమెకు బాగా ఎరుక. చలికాలమంతా మూసి ఉంచిన ఇంట్లో, వెనక గది బీరువా తీస్తే కొట్టే వాసన. చెక్క లోపల నాని, కుళ్ళి, ఇక దాచుకోలేక బయటపడే వాసన. పాత బండి కొనేవాళ్ళు కళ్ళతో కాదు, ముందు ముక్కుతో చూస్తారు. కళ్ళను రంగు వేసి మోసం చేయొచ్చు.

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. కలకండ మీద వేడి టీ పడి చిటపటమంది. పైన మీగడ వేసి, అక్కడి పద్ధతి ప్రకారం కలపకుండా తాగింది. తాగుతూ చుట్టూ చూసింది. ప్రతి కిటికీ చుట్టూ, ప్రతి అతుకు మీదా నీళ్ళు దూరకుండా వేసే తెల్లటి సిలికాన్ జిగురు, పిల్లల పుట్టినరోజు కేకు మీద క్రీములా దట్టంగా పూసి ఉంది.

"పదకొండు మంది వచ్చారు," అన్నాడు ఫోకో రెండో కప్పు పోస్తూ. "ఒకడు ఒక్క కప్పు తాగి, ఆలోచించుకుని ఫోన్ చేస్తానన్నాడు. ఒకామె సగం కప్పు వదిలేసి కడుపులో తిప్పుతోందంది. ఒకడైతే గుమ్మంలోనే ఉండి, మా ఆవిడని అడగాలన్నాడు. మూడో కప్పు దాకా ఒక్కళ్ళు కూర్చోలేదు. అలాంటోళ్ళ చేతిలో పెడతానా నా బండిని?"

హిల్కేకి అప్పుడు తెలిసింది. ఈయన ఎవరినీ తరమలేదు. వాళ్ళే పారిపోయారు. మర్యాదస్తులు గనక ఒక్కరూ నిజం చెప్పలేదు.

మూడో కప్పు అయింది. కప్పులో చెంచా పెట్టింది. ఫోకో ముఖం విప్పారింది.

"నువ్వు కూర్చున్నావు," అన్నాడు. "నీకు ఇవ్వొచ్చు."

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కుళ్ళిన చెక్క మార్చడం ఆమెకు చేతకాని పనేం కాదు. ఏడాదిగా వెతికిన కొలత, పెరట్లో పట్టే పొడవు, ఎదురుగా ఉన్నాయి. గ్రీట్యే మాట చెవిలో మోగుతూనే ఉంది. అయినా ఈ ముసలాయన రేపటి నుంచి ఊళ్ళో అందరికీ "నా బండికి వంక లేదు" అని చెప్పుకుంటూ తిరగడం, వినేవాళ్ళు చాటున నవ్వుకోవడం తలుచుకుంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

"ఫోకో గారూ, మీకు వాసన తెలుస్తుందా?"

ఆయన టీ కూజా కింద పెట్టాడు.

"నాలుగేళ్ళ కింద జ్వరం వచ్చింది. దాంతో పోయింది," అన్నాడు. "టీ వేడిగా ఉందా చల్లగా ఉందా, అంతవరకే తెలుస్తుంది. ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలుసు?"

హిల్కే కిటికీ కింది మూల బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు సగం గోడలోకి దిగబడింది.

ఫోకో ముఖం ఎర్రబడింది. "చుక్క నీరు దూరకుండా నా చేత్తో పూశాను! సందు సందునా! ముప్పై అయిదేళ్ళు సముద్రాన్ని ఆపినోణ్ణి, నాకు చెబుతావా నీళ్ళ సంగతి?"

"రాకుండా పూశారు, బాగానే ఉంది. వచ్చినవి పోవడానికి దారేది? కిటికీ చట్రం అడుగున రెండు సన్న చీలికలుంటాయి, పైన పడ్డ వాన, లోపల పట్టిన ఆవిరి అందులోంచే బయటికి పోవాలి. అవి కూడా పూడ్చేశారు. ఆ నీళ్ళన్నీ గోడ తాగింది. ఆటు పూట కూడా మీరు తూము తలుపు మూసుకు కూర్చుంటే పొలాలేమయ్యేవండీ?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆయన లేచి బయటికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, చట్రం అడుగున వేలితో తడుముకుంటూ పోయాడు. నాలుగు కిటికీలూ తడిమాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"నువ్వింక ఇంటికెళ్ళు," అన్నాడు.

దారి పొడుగునా హిల్కే తనను తాను తిట్టుకుంది. సగం దారిలో కారాపి ఏడ్చింది కూడా. ముక్కు ఉన్నందుకు ఒక ఏడుపు, నోరు ఉన్నందుకు ఇంకో ఏడుపు.

ఆరో రోజున ఫోన్ వచ్చింది. "కిటికీ ఊడదీయాలంటే ఇద్దరుండాలి. లోపలొకరు, బయటొకరు. రేపు మంగళవారం. రా." అంతే, పెట్టేశాడు. అమ్ముతానన్న మాట గానీ అమ్మనన్న మాట గానీ అందులో లేదు.

శనివారాలు ఆమెకు ఊపిరాడదు, ఒక కుటుంబం ఖాళీ చేసి ఇంకో కుటుంబం దిగే రోజు. ఆదివారం సుత్తి చప్పుడు చేస్తే పొరుగువాళ్ళు ఊరుకోరు. అందుకని మంగళవారాలే కుదిరాయి. మొదటి కిటికీ చుట్టూ సిలికాన్ గీకడానికే ఒక పూట పట్టింది. పాత ఉలితో గీకుతుంటే అది మొండి పిల్లాడిలా ఎక్కడికక్కడ అతుక్కుపోయింది. లోపలి పలక తీస్తే, దాని వెనక చెక్క బద్ద తడిసిన రొట్టెలా చేతిలోకి విడిపోయింది. ఫోకో ఆ పిడికెడు గుజ్జును చాలాసేపు చూశాడు.

"దీని పక్కనే కూర్చుని మూడేళ్ళు టీ తాగాను," అన్నాడు.

"టీలో వేసుకోలేదు, సంతోషించండి."

ఆయన నవ్వడం ఆమె మొదటిసారి చూసింది.

తర్వాత పని ఒక దారిలో పడింది. బండిలో చిన్న హీటరు పెట్టి రెండు వారాలు గోడను ఆరబెట్టారు. కొత్త బద్దలు కోసి బిగించారు. చట్రం కింద సిలికాన్‌కు బదులు, ఎన్నేళ్ళైనా మెత్తగానే ఉండే జిగురు పట్టీ వేశారు, రేపు మళ్ళీ విప్పాలన్నా విప్పొచ్చు. చీలికలను మాత్రం ఫోకో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అగ్గిపుల్లతో తనే శుభ్రం చేసి, పైన మగ్గుతో నీళ్ళు పోసి, కింద రెండు సన్న ధారలు కారితే చేతులు కట్టుకుని నిలబడి చూసేవాడు. గ్యాస్ గొట్టం మార్చారు. బ్రేకులు విప్పి బిగించారు. తనిఖీకి తీసుకెళ్తే అక్కడి మనిషి రెండుసార్లు బండి కింద దూరి, వంక దొరక్క, బండి రోడ్డుకు పనికొస్తుందన్న స్టిక్కరు అతికించి పంపాడు.

ప్రతి మంగళవారం ఆమె రాగానే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "ఇవాళ ముక్కేమంటోంది?"

హిల్కే తలుపు తీసి, కళ్ళు మూసుకుని పీల్చేది. "తడి కుక్క," అంది మార్చిలో. ఏప్రిల్లో "పాత గోనెసంచి" అయింది. ఆ నెలాఖరుకి "అట్టలూడిన పుస్తకం". ఆయన అదంతా వాతావరణ వార్తలు విన్నంత శ్రద్ధగా వినేవాడు. తర్వాత టీ. మూడు కప్పులు.

బాధల్లా ఒకటే. ప్రకటన అలాగే ఉంది. హిల్కే పొద్దున్నే ఫోన్ తీసి చూసేది, అదే ఫొటో, అదే "మంచి చేతుల్లోకి మాత్రమే". అడుగుదామనుకునేది. నోటి దాకా వచ్చేది. ముందే ఒకసారి నోరు పారేసుకుంది, ఇప్పుడు అడిగి లేదనిపించుకుంటే ఆ మంగళవారాలు కూడా పోతాయి.

"కూలి ఇవ్వకుండా పని చేసే మనిషి దొరికింది ముసలాయనకి," అంది గ్రీట్యే. "నువ్వు బాగుచేస్తావు, ఆయన ఇంకొకళ్ళకి అమ్ముకుంటాడు. రాసి పెట్టుకో."

"రాసి పెట్టుకోవడానికి పెన్ను లేదు, ఊరుకో," అంది హిల్కే. కానీ ఆ మాట ఆమెను వారమంతా తినేసింది.

మేలో నాలుగో కిటికీ బిగించిన మంగళవారం, పని సామాను ఇంకా సర్దలేదు, వాకిట్లో ఒక పెద్ద కారు ఆగింది. బ్రెమెన్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు, ప్రకటన చూసి వచ్చారు. ఆవిడ బండిలో కాలు పెడుతూనే ముక్కు ఎగరేసి పీల్చింది.

"ఇంత పాత బండి, చెమ్మ వాసనే లేదే!" అందావిడ.

ఫోకో మర్యాదగా టీ పోశాడు. వాళ్ళు కలపకుండా తాగారు. రెండో కప్పు తాగారు. మూడో కప్పూ తాగి, ఆవిడ ఒద్దికగా చెంచా కప్పులో పెట్టింది. వాళ్ళ అమ్మమ్మది ఈ పక్క ఊరేనట!

"ఎప్పుడైనా నీళ్ళు కారాయా?" అని ఆవిడ హిల్కేనే అడిగింది, కూతురనుకున్నట్టుంది. "మీరు చెప్పండి, మగవాళ్ళు ఇలాంటివి చెప్పరు."

ఫోకో టోపీ సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. గోడలన్నీ కుళ్ళిపోతే మార్చాం అని ముఖం కాస్త చిట్లిస్తే చాలు, వాళ్ళు బ్రెమెన్ దాకా వెనక్కి తిరిగి చూడరు. అందులో అబద్ధం కూడా లేదు. హిల్కే పని సామానులోంచి చెమ్మ కొలిచే పరికరం చేతిలోకి తీసుకుంది. దాని రెండు సూదులూ కొత్త పలక మీద గుచ్చింది.

"కారాయండి. కిటికీలు నాలుగూ విప్పి, కుళ్ళినదంతా తీసేసి, కొత్త చెక్క వేశాం. చూడండి, చెమ్మ పన్నెండు శాతమే, పొడి చెక్క. ఎక్కడ గుచ్చినా అంతే." ఆమె సూదులు బయటికి లాగింది. "బండి బాగుంది. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

"తీసుకుంటాం," అన్నాడు భర్త వెంటనే. "మీరు చెప్పిన ధరకే. ఇవాళే."

"అమ్మేశానండి," అన్నాడు ఫోకో.

"ప్రకటన ఇంకా ఉందిగా?"

"పెట్టింది మా మనవరాలు. తీయడం నాకు రాదు."

"ఎవరికి అమ్మారు?" ఈ ప్రశ్న వేసింది బ్రెమెన్ వాళ్ళు కాదు, హిల్కే.

ఆయన గడ్డంతో ఆమె వైపే చూపించాడు. "ఈ మనిషికి. మార్చిలో. గోడలో వేలు పెట్టిందే, ఆ రోజు."

వచ్చినవాళ్ళు ఇద్దరి ముఖాలూ చూసి, ఇదేదో ఇంటి గొడవలా ఉందనుకుని మెల్లగా లేచిపోయారు. కారు మలుపు తిరిగేదాకా హిల్కే ఆగింది. తర్వాత ఆగలేదు.

"రెండు నెలలు! రోజూ పొద్దున లేచి ఆ దిక్కుమాలిన ప్రకటన చూసుకుని చస్తున్నాను! ఒక్క మాట చెప్పడానికి మీకు నోరు లేదా?"

"చెబితే రెండో కిటికీ కాగానే తోలుకుపోయేదానివి," అన్నాడు ఫోకో. "నాలుగున్నాయి."

"తక్కిన రెండూ మా పెరట్లో చేసుకునేదాన్ని!"

"అదే చెబుతున్నా." ఆయన కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టాడు, మళ్ళీ విడదీశాడు. "బండి పోతే నువ్వు రావు. మంగళవారం నేనెవరితో టీ తాగాలి?"

హిల్కే కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆమె సంతోషం పట్టలేక, ఏం చేయాలో తోచక, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

"ముప్పై మూడేళ్ళ బండి అంటగడుతున్నారు నాకు," అంది. "వచ్చే మంగళవారానికి ఏదో ఒకటి చెడిపోకుండా ఉంటుందా, ఫోకో గారూ?"